ఈదమ్మ చెప్పిన సాల్ట్

మానుకోట పొలిమేరలో ఉన్న ఆ సర్కారు జూనియర్ కాలేజీలో (పేరెందుకు లెండి, గోడలకు చెవులుంటాయి) కెమిస్ట్రీ ఎవరికి బాగా వచ్చు అని అడిగితే పిల్లలు ఈదమ్మ పేరు చెప్పేవాళ్లు. కెమిస్ట్రీ చెప్పే దామోదర్ సారును అడిగినా, ఆయన మీసం కింద నవ్వుకుని అదే పేరు చెప్పేవాడు. వింత ఏమిటంటే ఈదమ్మకు అక్షరమ్ముక్క రాదు. జీతం రోజున సంతకం పెట్టడం వచ్చు, అంతే. ఆ మూడక్షరాలు రాసేటప్పుడు కూడా ముగ్గు వేస్తున్నంత సేపు పట్టేది.

ఆమె ల్యాబు అటెండరు. అంతకుముందు ఆ పని ఆమె పెనిమిటిది. కామెర్లు ముదిరి ఆయన పోతే, సర్కారు దయతలచి ఆ కుర్చీ, ఆ చీపురు, ఆ తాళంచెవుల గుత్తి ఈమెకు ఇచ్చింది. మొదటి వారంలోనే ఆసిడ్ సీసా ఒలికి చీర కొంగుకు జల్లెడ చిల్లులు పడ్డాయి. "గిదేం కొలువురా దేవుడా, పాముల బుట్టల కూసున్నట్టున్నది" అని ఏడ్చిందట. పద్దెనిమిదేళ్లు గడిచేసరికి ఆ పాములన్నీ ఆమె మాట వినడం నేర్చుకున్నాయి. ఏ సీసా ఏ అరలో ఎన్నోదో కళ్లు మూసుకుని తీసిచ్చేది. నీలంగా ఉన్నది మైలుతుత్తం, దాన్ని పిల్లలు కాపర్ సల్ఫేట్ అంటారు. కళాయి పెట్టేవాళ్ల నవసాగరం ఇక్కడ అమ్మోనియం క్లోరైడ్. మిగతావి చాలావరకు తెల్లనివే, ఉప్పులాగో చక్కెరలాగో ఉంటాయి. వాటిని మాత్రం అరలో ఉన్న చోటును బట్టే పోల్చుకునేది. లేబుల్ చదవడం రాని మనిషికి చోటే లేబులు.

ఆమె చదువు చెవుల్లోంచి ఎక్కిన చదువు. దామోదర్ సారుకు ఒక అలవాటుంది. ల్యాబు క్లాసు మొదలయ్యే ముందు హాజరు పిలవడు, అయాన్లు పిలుస్తాడు. "నైట్రేట్?" అంటే పిల్లలంతా "ఒకటి మైనస్!" అనాలి. "సల్ఫేట్?" "రెండు మైనస్!" "కార్బొనేట్?" "రెండు మైనస్!" "ఫాస్ఫేట్?" "మూడు మైనస్!" "అమ్మోనియం?" "ఒకటి ప్లస్!" తొట్టి దగ్గర పరీక్షనాళికలు కడుగుతున్న ఈదమ్మ కూడా పెదవులు కదిపేది. మూడో ఏటికల్లా పిల్లలు తడబడితే తొట్టి దగ్గర్నుంచి జవాబొచ్చేది. సల్ఫేట్‌కూ సల్ఫైట్‌కూ తేడా పుస్తకం చదివి తెలుసుకున్న పిల్లలకన్నా ఈదమ్మ చెప్పగా తెలుసుకున్నవాళ్లే ఎక్కువ. "ఏట్ అంటే ఆక్సిజన్ కడుపునిండ తిన్నది బిడ్డా. ఐట్ అంటే ఒక్క ముద్ద తక్కువ తిన్నది. గంతే!" అనేది.

ఇక ఒక మాట చెప్పక తప్పదు. చెబితే తప్పు, చెప్పకపోతే కథ లేదు. ఇంటర్ రెండో ఏడాది చివర ప్రాక్టికల్ పరీక్షలో ప్రతి పిల్లకూ చిటికెడు పొడి ఇస్తారు. అందులో ఏ ప్లస్ అయాన్ ఉంది, ఏ మైనస్ అయాన్ ఉంది అని పరీక్షలు చేసి తేల్చాలి. దాన్ని అందరూ 'సాల్ట్' అనే అంటారు. వేరే ఊళ్ల నుంచి ఎగ్జామినర్ వస్తాడు. ఆయన కళ్లు గప్పి అటెండర్లు పిల్లలకు సాల్ట్ పేరు అందించడం మన కాలేజీల్లో పాత ముచ్చటే. కొన్నిచోట్ల దానికి చేతులు తడపాలంటారు. ఈదమ్మ ఏనాడూ ఎవరి దగ్గరా ఏమీ ముట్టలేదు, నోరు కూడా విప్పలేదు. ఆమెవి సైగలు. ముక్కు తుడుచుకుంటే అమ్మోనియం, ఎందుకంటే దానికి ఘాటు వాసన. మోచెయ్యి గోక్కుంటే సల్ఫేట్. చెవి తడుముకుంటే నైట్రేట్. నుదురు ముట్టుకుంటే క్లోరైడ్. కొంగు దులిపితే కార్బొనేట్. పద్దెనిమిదేళ్లలో ఆమె సైగ ఒక్కసారీ తప్పింది లేదు. దామోదర్ సారుకు తెలుసు. తెలిసీ కిటికీలోంచి బయటకు చూసేవాడు.

సంగీత కథలోకి వచ్చింది ఉద్యమం రోజుల్లో. మానుకోట స్టేషన్లో రాళ్లు లేచిన మరుసటి ఏడు, సకల జనుల సమ్మె జరిగిన ఏడు. నెల్లికుదురు అవతలి తండా పిల్ల, ఎస్టీ హాస్టల్లో ఉండి ఇంటర్ రెండో ఏడాది చదివేది. ఇంట్లో మాట్లాడేది లంబాడీ, బడిలో తెలుగు, పుస్తకంలోదేమో ఈ రెండూ కాని మూడో భాష. 'అవక్షేపం' అన్న మాట మీద ఆ పిల్ల వారం రోజులు కుస్తీ పట్టింది. "అవక్షేపమా గివక్షేపమా, నీళ్లలోపల మజ్జిగ ఇరిగినట్టు అయితది సూడు, గదే" అని ఈదమ్మ ఒక్క ముక్కలో చెప్పింది. ఆ రోజు నుంచి సంగీత ఆమెను పెద్దమ్మా అని పిలవడం మొదలుపెట్టింది.

సంగీత తండ్రి హీర్యా చెడ్డవాడేం కాదు. ఏటా సంక్రాంతి దాటగానే తండాలోని ఇరవై మందితో కలిసి జట్టుగా ఖమ్మం అవతలికి మిరపకాయ ఏరడానికి పోయేవాడు. కూతురు నర్సు చదువు చదువుతానంటే కాదనలేదు. కానీ లెక్క తేల్చి చెప్పాడు. "ఈ యేడు అన్ని పాసైతే నీ ఇష్టం బిడ్డా, ఏడికన్న పోయి సదువు. ఒక్కటి తప్పినా జట్టుల నడువాలె. ఇద్దరు తమ్ముళ్లున్నరు, రెండోసారి సదివిచ్చుడు నాతోని కాదు." తండాలో ఇంటర్ దాకా వచ్చిన మొదటి ఆడపిల్ల ఆమే. కెమిస్ట్రీ ఒక్కటే ఆమెకు గండం. అది గట్టెక్కితే నర్సు, లేకపోతే మిరపచేను.

సెప్టెంబరులో సమ్మె మొదలైంది. సార్లు టెంటు కింద కూర్చున్నారు, బస్సులు డిపోల్లో కూర్చున్నాయి, కాలేజీకి తాళం పడింది. హాస్టల్లో పొయ్యి ఆరిపోయి పిల్లల్ని ఇళ్లకు పొమ్మన్నారు. సంగీత పెట్టె పట్టుకుని కాలేజీ గేటు ముందు నిలబడింది. ఆటో పట్టుకుంటే తండాకు పోవచ్చు. పోతే పత్తి ఏరమంటారు, పుస్తకం అటకెక్కుతుంది. ఈదమ్మ అటుగా వచ్చింది.

"ఏందే, గిట్ల నిలవడ్డవ్?"

"ఇంటికి పోతె సదువుడు కాదు పెద్దమ్మా. ఈడ ఉండనీకె జాగ లేదు."

"నా ఇల్లేమన్న మాయమయిందా? నడువ్."

అంతే. పెట్టె ఈదమ్మ నెత్తికెక్కింది, సంగీత వెనకాల నడిచింది. నలభై రెండు రోజుల సమ్మెలో ఆ పిల్ల ఈదమ్మ ఒంటరి ఇంట్లో ఉంది. ఈదమ్మకు పిల్లల్లేరు. సాయంత్రం అన్నంలోకి ఏం వండాలని అడగడానికి ఇంట్లో ఒక మనిషి ఉండడం ఎంత సంతోషమో ఆమెకు అప్పుడు తెలిసింది.

టెంటు దగ్గర ఈదమ్మ కూడా సార్లతో పాటు కూర్చునేది. సంగీత పుస్తకం పట్టుకుని పక్కనే చేరేది. ఒకపక్క నినాదాలు, డప్పులు, ఇంకోపక్క, "ఫాస్ఫేట్?" "మూడు మైనస్!" దీక్షలో కూర్చున్న దామోదర్ సారుకు నీరసంగా ఉన్నా అయాన్ అంటే ఏమిటో ఓపిగ్గా చెప్పాడు. పరమాణువు ఎలక్ట్రాన్‌ను పోగొట్టుకుంటే ప్లస్ అవుతుంది, ఇంకోటి లాక్కుంటే మైనస్ అవుతుంది అన్నాడు. అది విని ఈదమ్మ బుగ్గ మీద వేలేసుకుంది.

"అగో! పోగొట్టుకున్నోడు ప్లస్ ఎట్లయితడు సారూ? లోకంల పోగొట్టుకున్నోడే మైనస్ గదా?"

టెంటంతా ఘొల్లుమంది. "అది కెమిస్ట్రీ ఈదమ్మా, మన మానుకోట కాదు" అన్నాడు దామోదర్ సారు.

సంగీతకు నవ్వు రాలేదు. ఆమెకు పట్టుకున్న దిగులు వేరు. "సల్ఫేట్ల గంధకం ఉన్నది, నాలుగు ఆక్సిజన్లున్నయ్, ఐదుగురున్నా అందరికి కలిపి రెండే మైనస్ ఎట్ల సారూ?" అని అడిగింది. సారు జవాబు చెప్పబోయాడు. అంతలో ఆ పిల్లే, "మా జట్టు లెక్కనా? ఇరువైమంది పోయినా మేస్త్రి పేరు మీద ఒక్కటే లెక్క, ఎక్కడికి పోయినా ఇడిపోకుంట పోతం" అంది. "గదే బిడ్డా, గదే!" అని సారు తొడ చరిచాడు. ఆ రోజు నుంచి ఆమెకు అయాన్లు మరిచిపోవడమన్నది లేదు.

అక్టోబరు మొదట్లో రోడ్డు మీద వంటావార్పు పెట్టారు. ఉద్యమంలో అదొక పద్ధతి. నడిరోడ్డు మీద పొయ్యిలు పెట్టి, వందల మందికి వండి, అక్కడే బంతి భోజనాలు చేసేవాళ్లు. బండ్లు ఎటూ కదిలేవి కావు. వంట పెత్తనం ఈదమ్మకు పడింది. కోమట్ల వరలక్ష్మమ్మ ఇంటి నుంచి పెద్ద ఇత్తడి గుండిగ తెచ్చారు. చూస్తే లోపల కళాయి లేచిపోయి ఉంది. అందులో పప్పుచారు కాస్తే చిలుము పట్టి ఉద్యమమంతా దవాఖాన పాలవుతుంది. కళాయివాడిని పట్టుకొచ్చారు. వాడు తగరం ఉంది గానీ నవసాగరం లేదన్నాడు, బంద్‌కు అన్ని దుకాణాలూ మూసి ఉన్నాయి. అందరూ తలలు పట్టుకున్నారు.

ఈదమ్మకు తటాలున వెలిగింది. నవసాగరం ల్యాబులో సీసా నిండా ఉంది! తాళంచెవుల గుత్తి ఆమె నడుముకే ఉంది. "గీ గుండిగ పని నేను జూస్త" అని పరుగున పోయి, రెండో అరలోంచి సీసా తెచ్చి, సగం పొడి కళాయివాడి చేతిలో పోసింది. తెల్లటి పొగ లేచింది, గుండిగ వెండిలా మెరిసింది, జనం చప్పట్లు కొట్టారు. ఇంతలో పోలీసు జీపు వస్తున్నదన్న కబురు. ఈదమ్మ కొంగు కింద సీసా దాచుకుని మళ్లీ ల్యాబుకు పరుగెత్తి, చేతికందిన ఖాళీలో దాన్ని నెట్టి, పక్కనున్న దాన్ని జరిపి, తాళం వేసి వచ్చేసింది. లేబుల్ ఉన్న సీసా ఎక్కడుంటేనేం? అప్పటికి దానికి లేబుల్ ఉంది.

ఆ రోజు వెయ్యి మంది తిన్నారు. పప్పుచారు ఎంత బాగుందో ఇప్పటికీ చెప్పుకుంటారు.

సమ్మె ముగిసి ల్యాబు తెరిచారు. నెలన్నర మూసి ఉన్న గదిలో తేమ, బొద్దింకలు, ఎలుకలు. మైదా జిగురంటే వాటికి పండుగ భోజనం. ఆ జిగురుతో అంటించిన లేబుళ్లన్నీ కొరికి, అరల నిండా కాగితపు తునకలు చేసి పెట్టాయి. సగానికి పైగా సీసాలు బోసిగా నిలబడ్డాయి. దామోదర్ సారు నెత్తి కొట్టుకున్నాడు. నెలన్నర పాఠాలు మిగిలిపోయి పొద్దున ఎనిమిది నుంచి సాయంత్రం ఆరు దాకా గొంతు చించుకుంటున్నాడాయన.

"ఈదమ్మా, ఒక్కొక్కటి పరీక్ష చేసి చూసేటందుకు నాకు టైమెక్కడిది? నీకు తెల్వనిది ఏమున్నది, నువ్వే చెప్పి రాయించు" అన్నాడు.

ఈదమ్మకు గర్వంగా అనిపించింది. ఎందుకు అనిపించదు? అక్షరం రాని మనిషిని పట్టుకుని లెక్చరర్ ఆ మాట అన్నాడు. సంగీతను పిలిచి కూర్చోబెట్టింది. తాను అర చూసి చెబుతుంటే ఆ పిల్ల గుండ్రటి అక్షరాలతో లేబుళ్లు రాసింది. "గిది జింక్ సల్ఫేట్. గిది బేరియం క్లోరైడ్. రెండో అర, ఎడమ దిక్కు మూడోది, అమ్మోనియం సల్ఫేట్. నాలుగోది అమ్మోనియం క్లోరైడ్, రాయి." మూడోది సగం ఖాళీగా ఉంది. ఈదమ్మ దాన్ని చేత్తో ఎత్తి చూసింది కూడా. పిల్లలు వాడి ఉంటారనుకుంది. గుండిగ ఆమెకు గుర్తు రాలేదు. సంగీత జిగురు రాసి ఆ సీసాకు 'అమ్మోనియం సల్ఫేట్' అని అతికించింది. రాత చూసి ఈదమ్మ మురిసిపోయింది. తన మాట కాగితం మీద అంత అందంగా ఉండడం ఆమె అదే మొదటిసారి చూడడం.

ఫిబ్రవరిలో ప్రాక్టికల్ వచ్చింది. ఎగ్జామినర్ ఓరుగల్లు నుంచి వచ్చిన పెద్దాయన, అద్దాల మీదుగా చూసే రకం. పొద్దున టైట్రేషన్. బ్యూరెట్ పట్టుకోవడం సంగీతకు అది రెండోసారో మూడోసారో. ఒక్క చుక్క పడాల్సిన చోట ధార పడింది, లేత గులాబీ రావాల్సింది బీట్‌రూట్ రంగొచ్చింది. ఈదమ్మ తొట్టి దగ్గర్నుంచి అంతా చూసింది. ఇక మిగిలింది సాల్ట్ ఒక్కటే, అందులోనే గట్టెక్కాలి.

సాల్ట్ పొట్లాలు కట్టింది ఈదమ్మే. సంగీతకు ఏది పడాలో నిన్ననే అనుకుని పెట్టుకుంది. అన్నిట్లోకీ సులువైనది అమ్మోనియం సల్ఫేట్. ఆల్కలీ పోసి వేడిచేస్తే ముక్కే చెబుతుంది. సల్ఫేట్‌కేమో బేరియం క్లోరైడ్ రెండు చుక్కలు వేస్తే చాలు, మజ్జిగ విరిగినట్టు తెల్లగా దిగుతుంది. ఎక్కువ సరుకున్న నాలుగో సీసాను ముట్టకుండా, తను నమ్మిన మూడో సీసాలోంచే రెండు చిటికెలు తీసి పొట్లం కట్టింది. ట్రేలో దాన్ని సంగీత సీటుకు ఎదురుగా వచ్చేలా పెట్టింది. సంగీత తలెత్తి చూసింది. ఈదమ్మ ముక్కు తుడుచుకుంది, మోచెయ్యి గోక్కుంది. ఆ పిల్ల కళ్లలోకి ప్రాణం లేచొచ్చింది.

ముక్కు నిజమే చెప్పింది, ఘాటు గుప్పున వచ్చింది. టైట్రేషన్‌తో పొద్దు చాలక, వరుసగా చేయాల్సిన పరీక్షలన్నీ వదిలేసి సంగీత నేరుగా సల్ఫేట్ దగ్గరికి వెళ్లింది. నాళికలో బేరియం క్లోరైడ్ వేసింది. కదిపింది. ఏమీ కాలేదు. ఇంకో నాలుగు చుక్కలు వేసింది. నీళ్లు నీళ్లలాగే ఉన్నాయి. తలెత్తి ఈదమ్మ దిక్కు చూసింది. దూరం నుంచి ఈదమ్మకు నాళిక కనబడలేదు. పిల్ల మరిచిపోయిందనుకుని మళ్లీ మోచెయ్యి గోక్కుంది.

ఖాళీ నాళికల బుట్ట పట్టుకుని రెండో వరుసలోకి వచ్చినప్పుడు గానీ ఆమెకు కనబడలేదు. సంగీత చేతిలోని నాళిక అద్దంలా ఉంది. పద్దెనిమిదేళ్లుగా వేల నాళికలు కడిగిన కళ్లు అవి, వాటికి ఒకరు చెప్పాల్సిన పని లేదు. సల్ఫేట్ ఉంటే అది తెల్లబడకుండా ఉండదు. మూడోది. సగం ఖాళీ. సగం ఎవరు వాడారు? పిల్లలు కాదు. గుండిగ! ఆనాడు పరుగులో నవసాగరం సీసాను సల్ఫేట్ చోటులో నెట్టింది తనే.

అది క్లోరైడ్. గబుక్కున నుదురు ముట్టుకుంది. సంగీత చూసింది. చూసి అయోమయంలో పడింది. ముక్కు, మోచెయ్యి, ఇప్పుడు నుదురు. మూడు అయాన్లు ఎక్కడినుంచి వస్తాయి? ఈదమ్మ సైగల్లో అన్ని అయాన్లకూ గుర్తులున్నాయి గానీ, 'ముందు చెప్పింది మరిచిపో, నేను తప్పు చెప్పిన' అనడానికి గుర్తు లేదు. పద్దెనిమిదేళ్లలో దాని అవసరం పడలేదు మరి. ఈదమ్మ మళ్లీ మళ్లీ నుదురు ముట్టుకుంది.

"ఏందమ్మా, తలనొస్తుందా?" అన్నాడు ఎగ్జామినర్ అద్దాల మీదుగా.

"లే… లేదు సారూ" అంది ఈదమ్మ. చెయ్యి దించేసింది. తేలు కుట్టిన దొంగ నోరెట్లా విప్పుతాడు?

సంగీత తల వంచుకుంది. 'బేరియం క్లోరైడ్ కలుపగా తెల్లని అవక్షేపం ఏర్పడినది. కావున ఋణ అయాన్: సల్ఫేట్' అని గుండ్రటి అక్షరాలతో రాసింది. ఈదమ్మకు చదవడం రాదు. అయినా ఆ పిల్ల కలం కదిలిన తీరు చూస్తే ఏం రాస్తున్నదో తెలిసిపోయింది.

ఎగ్జామినర్ వచ్చి కాగితం చూశాడు, నాళిక చూశాడు. "ఏదమ్మా, ఆ తెల్లని అవక్షేపం నాకు కూడా చూపించు."

సంగీత నాళిక ఎత్తింది. అందులోంచి ఎదురుగా ఉన్న కిటికీ ఊచలు కనబడుతున్నాయి.

"చూసింది రాయాలె బిడ్డా. విన్నది రాస్తే ఎట్ల?" కోపంగా అనలేదాయన. నెమ్మదిగానే అని, సాల్ట్ మొత్తం మీద అడ్డంగా ఎర్ర గీత గీశాడు.

ఈదమ్మ ఒక్క అడుగు ముందుకు వేసింది. "సారూ, గది…" అంది. ఆ ఒక్క మాట బయటికొస్తే సైగల సంగతి బయటికొస్తుంది. ఆ గదిలోని నలభై మంది పిల్లల పరీక్షా రద్దవుతుంది. ఆమె కొలువు సంగతి తర్వాత. దామోదర్ సారు ఆమె దిక్కు చూశాడు. ఆ చూపులో కోపం లేదు, బతిమాలుకోలు ఉంది. "ఈదమ్మా, తొట్టిల నీళ్లయిపోయినయ్, జర ఒక బిందె పట్టుకరా" అన్నాడు. తొట్టి నిండా నీళ్లున్నాయి. ఈదమ్మ బిందె తీసుకుని బయటికి పోయింది. బోరింగు కొడుతూ, బిందె నిండి పొర్లి కాళ్లు తడుస్తున్నా కొడుతూనే ఉండిపోయింది.

సంగీత బయటికి వచ్చాక ఆమె దగ్గరే నిలబడింది. ఏడవలేదు. అదే ఈదమ్మకు గుండెల్లో గుచ్చుకుంది.

"నాకు తెల్లగ అగుపడలే పెద్దమ్మా. ఎంత జూసినా అగుపడలే. నా కండ్లల్లనే ఏమో తప్పున్నదనుకున్న. నువ్వు సెప్పినవ్ గదా అని రాసిన."

"బిడ్డా…" అంది ఈదమ్మ. కొండనాలుకకు మందేస్తే ఉన్న నాలుక ఊడిందంటారే, అదే అయింది. అందరూ పోయాక ల్యాబులోకి పోయి, తన జీవితంలో మొదటిసారి తనే ఒక నాళిక తీసుకుని, మూడో సీసాలోని పొడి వేసి, నీళ్లు కలిపి, సిల్వర్ నైట్రేట్ చుక్క వదిలింది. గడ్డపెరుగులా తెల్లగా దిగింది. క్లోరైడే. తర్వాత గోటితో ఆ లేబుల్ గీకేసింది. కొత్త లేబుల్ మీద ఏం రాయాలో ఆమెకు తెలుసు, రాయడమే రాదు. రాసే పిల్ల లేదు. సీసా బోసిగానే అరలోకి పోయింది.

మార్చిలో సంగీత మిగతావన్నీ రాసింది. ఫలితాల్లో అన్నీ పాసయింది, కెమిస్ట్రీ ప్రాక్టికల్‌లో మాత్రం పాసుకు మూడు మార్కులు తక్కువై తప్పింది. మళ్లీ రాసుకోవచ్చన్నారు అందరూ. ఫీజు కట్టి రెండోసారి రాయించేదెవరు? హీర్యా మాటంటే మాటే. దామోదర్ సారు తండా దాకా వెళ్లి బతిమాలాడట. "సారూ, నేనేమన్న కొట్టి తోలుకపోతున్ననా, పొట్ట తోలుకపోతున్నది" అన్నాడట హీర్యా. ఈదమ్మ ఆయన వెంట పోలేకపోయింది. పోతే నిజం చెప్పాలి, చెబితే ఆ పిల్ల ముందు ఎట్లా నిలబడాలో ఆమెకు తెలియలేదు.

మరుసటి ఏడు సంక్రాంతి పోయాక ఒక పొద్దున్న కాలేజీ ముందు రోడ్డు మీద డీసీఎం బండి ఆగింది, డ్రైవరు చాయ్ తాగడానికి. వెనక మూటలు, గిన్నెలు, ఇరవై మంది జనం. అందులో సంగీత. గేటు దగ్గర నిలబడ్డ ఈదమ్మ చేతిలోని చీపురు పారేసి పరుగెత్తింది. ఈసారి చెప్పేయాలి. తప్పు నాదే బిడ్డా, నీ కళ్లల్ల తప్పు లేదు అని ఒక్క మాట చెప్పేస్తే చాలు, ఆ పిల్లకు తన కళ్ల మీద నమ్మకమన్నా మిగులుతుంది.

"బిడ్డా, ఆనాడు…" అని బండి పలక పట్టుకుంది.

"పెద్దమ్మా!" సంగీత ముఖం చేటంతైంది. జనంలోంచి వంగి ఆమె చెయ్యి పట్టుకుంది. "ఎట్లున్నవ్? సూడు, నేనేం మరిసిపోలే. పొలంల పత్తి ఏరుకుంట మా తమ్ముళ్లకు సెప్తుంట." అని జట్టంతా వింటుండగా గడగడా అందుకుంది. "నైట్రేట్ ఒకటి మైనస్! సల్ఫేట్ రెండు మైనస్! కార్బొనేట్ రెండు మైనస్! ఫాస్ఫేట్ మూడు మైనస్! అమ్మోనియం ఒకటి ప్లస్!"

బండి కదిలింది. సంగీత చెప్తూనే ఉంది, చెయ్యి ఊపుతూనే ఉంది. ఈదమ్మ కొంచెం దూరం వెంట నడిచి ఆగిపోయింది. దుమ్ములో బండి మలుపు తిరిగే దాకా వింటూ నిలబడింది. ఆ పిల్ల ఒక్కటి కూడా తప్పు చెప్పలేదు.